విజయనగరంలో మా 1963 నాటి ఇంటికి రెండు గదులు కలిపించుకున్నాం, ఆ పని మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ ఆర్కిటెక్ట్ టీము వాళ్ళు పని బాగా చేసేరు. నాలుగు నెలలు లేటయింది, బాత్రూం దగ్గర ఒక తప్పు జరిగింది, ఫీజు కూడా మన ఊరి రేట్లతో చూస్తే ఎక్కువే, అయినా రేపు మళ్ళీ ఆ ఇంటి మీద చెయ్యి వెయ్యాల్సొస్తే వాళ్ళనే పిలుస్తాను. పాత ఇల్లు ఉంచాలా కూలగొట్టాలా అని రోజూ ఇంట్లో వాదులాడుకుంటున్నవాళ్ళు మన విజయనగరంలో చాలామందే ఉంటారు, మా కంటోన్మెంట్ వైపే నా కళ్ళ ముందు ఎన్నో పోయేయి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ఇల్లు మా తాతగారు కట్టించింది. ఆయన మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టులో ఓవర్‌సీరుగా చేసేరు, అక్కడ డ్యామూ పవర్‌హౌసూ లేస్తుంటే దగ్గరుండి చూసిన మనిషి, కాంక్రీటంటే ప్రాణం. 1955లో అక్కడ కరెంటు మొదలయ్యేక కొన్నాళ్ళకి ఊరొచ్చేసి స్థలం కొని, మండువా ఇల్లు వేసుకోరా అని పెద్దవాళ్ళు పోరుతున్నా వినకుండా 1963లో ఈ బల్లపరుపు శ్లాబు ఇల్లు వేసేరు. ఆ రోజుల్లో సిమెంటు అంటే కొట్టుకెళ్ళి తెచ్చుకునే సరుకు కాదు, పర్మిట్ ఉంటేనే బస్తా, ధరా పంపకం అన్నీ గవర్నమెంటు చేతిలోనే, 1982లో గానీ ఆ కంట్రోలు కొంచెం సడల్లేదు. అందుకే మా ఇంట్లో సిమెంటు తప్పనిచోటే కనిపిస్తుంది, శ్లాబు, బీములు, సన్‌షేడ్లు, అంతే. గోడలన్నీ సున్నంతో కట్టిన పదమూడున్నర అంగుళాల ఇటుక గోడలు. ముందు స్తంభం లేకుండా ఆరడుగులు బయటికొచ్చిన పోర్టికో, ఇంటి చుట్టూ ఒకే గీత గీసినట్టు తిరిగే సన్‌షేడ్, పడమటి కిటికీలకి నిలువు సిమెంటు పలకలు, మెట్ల దగ్గర గుండ్రటి కన్నాల జాలీ, లోపల ఎర్ర గచ్చు, పిట్టగోడ మీద సిమెంటు అంకెల్లో 1963. వీధిలో అందరూ పెట్టె ఇల్లు అనేవారు. మాకు మాత్రం ఆ ఇంట్లో మే నెలలో కూడా వెనక వసారాలో నిద్ర పట్టేది.

ఇప్పుడు కలపాల్సి ఎందుకొచ్చిందంటే అమ్మకి 77, మోకాళ్ళు బాగోవు, పాత ఇంట్లో బాత్రూం పెరట్లో, మూడు మెట్లు దిగి నుయ్యి పక్కనుంచి వెళ్ళాలి. తమ్ముడేమో హైదరాబాదు నుంచి సంసారంతో వచ్చేస్తానన్నాడు. రెండు గదులూ ఒక బాత్రూమూ కావాలి, అంతకి మించి ఏం అక్కర్లేదు. అడిగితే ఒక బిల్డరు కూలగొట్టి అపార్ట్‌మెంటు లేపుదాం సగం మీకు సగం మాకు అన్నాడు, ఇంకొకాయన ఇంజనీరే, ఇల్లు లోపలికి రాకుండానే గేటు దగ్గర నిలబడి పైన రెండు గదులు వేసేద్దామండీ శ్లాబు గట్టిగానే ఉన్నట్టుంది అన్నాడు. అరవై ఏళ్ళ శ్లాబు, పైన ఇంకో అంతస్తుకి లెక్క కట్టి వేసింది కాదు, లోపల ఇనుము ఎలా ఉందో ఎవరూ చూళ్ళేదు, మోకాళ్ళు నొప్పులున్న మనిషికి మేడ మీద గది! ఆయనకి దండం పెట్టి పంపించేం.

ఇక్కడ 2009 సంగతి కూడా చెప్పాలి. అప్పుడు ఓ కాంట్రాక్టరు చేత వెనక గోడకి ఆనించి ఒక గది వేయించేం. పాత గోడలో ఇటుకలు పీకి ఆ సందుల్లోకి కొత్త ఇటుకలు దూర్చి రెండూ ఒకటి చేసేసేడు, పైన రేకు. రెండు వానాకాలాలు తిరక్కుండా అతుకు దగ్గర పైనుంచి కింద దాకా పగులు, అందులోంచి నీళ్ళు, ఏటా సిమెంటు పెట్టడం ఏటా మళ్ళీ పగలడం. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ నాడు, ఆ రేకులు లేచిపోయి పనస చెట్టు మీద పడ్డాయి. పాత ఇంటికి ఒక కిటికీ అద్దం పగిలింది అంతే. ఆ రాత్రి అమ్మ హాల్లో కూచుని గోడ మీద చెయ్యేసి ఉంచింది, ఆ తర్వాత ఇక ఎవరు కూలగొడదాం అన్నా వినలేదు.

సరే, ఈ టీము సంగతి. టీము అంటే ముగ్గురే, ముప్పై అయిదు దాటని ఆర్కిటెక్ట్ అమ్మాయి, ఆవిడతో పనిచేసే స్ట్రక్చరల్ ఇంజనీరు, గజపతినగరం వైపు నుంచి ఒక పెద్ద మేస్త్రీ ఆయన మనుషులు. మొదటి రోజు వచ్చి మీకేం కావాలి ఎన్ని గదులు అని అడగలేదు. ఆ అమ్మాయి మా అమ్మ పక్కన కూచుని, ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి మీరెక్కడ పడుకుంటారు అమ్మమ్మగారూ అని అడిగింది. వెనక వసారాలో, కింద గచ్చు మీద, తలగడ కూడా వద్దు అంది అమ్మ. దాంతో సగం ప్లాను అప్పుడే తేలిపోయిందని తర్వాత అర్థమైంది, ఎందుకంటే మామూలుగా ఎవరైనా గది కలపాలంటే ఆ వసారానే మూసేస్తారు, అదే సులువు, 2009లో మేం చేసింది కూడా దాదాపు అదే. మాకు గాలి దక్షిణం నుంచి పడమర నుంచి వస్తుంది, వసారా మూస్తే ఇల్లంతా ఉక్కబెట్టిపోతుంది. అందుకని కొత్త గదులు తూర్పు పక్కన వెనక్కి జరిపి ఎల్ ఆకారంలో పెట్టేరు, నుయ్యీ పనస చెట్టూ ఎక్కడివక్కడ ఉన్నాయి, వసారా ముందు పెరడు అలాగే ఖాళీగా ఉంది.

నాలుగు రోజులు టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచేరు. నాకైతే మొదట్లో విసుగొచ్చింది, ఇంత కొలవడానికేముంది అనుకున్నా. నాలుగో రోజు సాయంత్రం ఆ అమ్మాయి నన్ను పిలిచి కాగితం చూపించింది. పోర్టికో వెడల్పు, కిటికీకీ కిటికీకీ మధ్య దూరం, వసారా స్తంభాల మధ్య ఎడం, హాలు పొడుగు, ఏది తీసుకున్నా నాలుగున్నర అడుగుల్లో గుణిజాలే, హాలు పద్ధెనిమిది, పోర్టికో తొమ్మిది అలా. నాలుగున్నర అడుగులంటే 54 అంగుళాలు, తొమ్మిది అంగుళాల ఇటుకలు ఆరు. మీ తాతగారు ఇటుక కొట్టకుండా ఇల్లు కట్టేరు ఆంటీ, సగం ముక్కలు వేస్టు అవ్వకుండా అంతా ఆరు ఇటుకల లెక్క మీద పెట్టేరు అంది. నేను ఆ ఇంట్లో పుట్టి పెరిగేను, ఒక్కసారి కూడా ఆ సంగతి నాకు తట్టలేదు. తాతగారు పోయి ముప్పై ఏళ్ళు దాటింది, ఆ కాగితం చూస్తుంటే ఆయన పక్కనే నిలబడి చెప్తున్నట్టనిపించి నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

ఆవిడే ఇంకోటి కూడా చెప్పింది. 1951లో చండీగఢ్ కట్టడం మొదలైనప్పుడు అందరూ ఆర్కిటెక్టు లే కార్బూజియే పేరే చెప్తారు గానీ మామూలు ఉద్యోగుల ఇళ్ళు ఎక్కువగా గీసింది పియర్ జానరే, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ, ఇటుకా జాలీ సన్‌షేడూ పెట్టి తక్కువ ఖర్చులో ఎండని ఎలా ఆపాలో వాళ్ళు చేసి చూపించేరు, అలాంటి ఇళ్ళు తర్వాత ఊరూరా క్వార్టర్ల రూపంలో వచ్చేయి అని. తాతగారు చండీగఢ్ ఎప్పుడూ వెళ్ళలేదు, మాచ్‌ఖండ్‌లో ప్రాజెక్టు క్వార్టర్స్ చూసేరు, అక్కడ నేర్చుకున్నది ఇక్కడ పెట్టేరు. మనకి చట్టం ప్రకారం పురాతన కట్టడం అనిపించుకోవాలంటే కనీసం వందేళ్ళు ఉండాలి, మన ఊరి కోట, గంటస్తంభం లాంటివాటి గురించి అయితే అందరూ మాట్లాడతారు, అరవై ఏళ్ళ కాంక్రీటు ఇళ్ళని మాత్రం ఎవరూ లెక్కలోకే తీసుకోరు. వందేళ్ళు నిండే లోపలే అన్నీ పోతాయి, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

తర్వాత టెస్టులు. నేను స్కూల్లో సైన్సు చెప్తాను కాబట్టి ఈ ముక్క నాకు బాగా నచ్చింది. పడమటి సన్‌షేడ్ కింద పెచ్చులూడి రాడ్లు తుప్పు పట్టి కనిపిస్తున్నాయి, ఇంజనీరు నిచ్చెన ఎక్కి అక్కడ ఒక ముక్క కొత్తగా చెక్కి, దుమ్ము ఊది, స్ప్రే సీసాతో నీళ్ళలాంటి మందు కొట్టేడు. ఫినాఫ్తలీన్, ల్యాబులో టైట్రేషన్‌కి వాడేదే, క్షారం తగిలితే గులాబీ అవుతుంది. కాసేపు ఏమీ లేదు, తర్వాత లోపలి వైపు నెమ్మదిగా గులాబీ రంగెక్కింది, పై నుంచి ఒకటిన్నర అంగుళం మందం మాత్రం బూడిద రంగులోనే ఉండిపోయింది. మంచి కాంక్రీటులో క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 12 పైన ఉంటుంది, అది ఉన్నంతకాలం లోపల ఇనుముకి తుప్పు పట్టదు, గాలిలో కార్బన్ డయాక్సైడు ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా లోపలికి దిగుతూ ఆ గుణాన్ని చంపేస్తుంది, అది రాడ్డు దాకా వచ్చిందంటే తుప్పు మొదలు, తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి ఉబ్బి కాంక్రీటుని బయటికి తన్నేస్తుంది. సన్‌షేడ్‌లో రాడ్డు పైనుంచి ముప్పావు అంగుళం లోతులోనే ఉంది, అందుకే పోయింది. ఆ తర్వాత హాల్లో బీముకి ఒక మూల చిన్నగా చెక్కి కొట్టేరు. పైన పావు అంగుళం వదిలేసి మిగతాదంతా ఒక్కసారి చిక్కటి గులాబీ. అమ్మ కింద నిలబడి చూస్తోంది, అంటే ఇంకా బతికే ఉందన్నమాట అంది. బతికే ఉందమ్మమ్మగారూ అన్నాడా ఇంజనీరు.

సన్‌షేడ్ రిపేరు కూడా ఎలా చేసేరో చెప్తాను, ఇది చాలా ఇళ్ళకి పనికొస్తుంది. పెచ్చులూడితే మనవాళ్ళు పైన సిమెంటు పూత పూసేసి రంగేసేస్తారు, లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది, రెండేళ్ళకి ఇంకా పెద్ద పెచ్చు పడుతుంది. వీళ్ళు వదులైన కాంక్రీటు అంతా రాడ్డు వెనక దాకా చెక్కేరు, వైరు బ్రష్షుతో ఇనుము మెరిసేదాకా రుద్దేరు, బాగా సన్నబడ్డ చోట పక్కన కొత్త రాడ్డు కట్టేరు, జింకు ప్రైమరు వేసి, పాలిమరు కలిపిన మోర్టారు పొరలు పొరలుగా నింపి, గోనెసంచులు తడిపి కప్పేరు. తాతగారి సన్‌షేడ్ ఎంత మందమో అంతే మందానికి తెచ్చేరు, లావు చెయ్యలేదు. ఆ సన్నదనమే ఆ ఇంటికి అందం, అది లావైతే ఇల్లు మొహం మారిపోతుంది. శ్లాబు మీద కూడా కారుతోందని ఇంకో పొర సిమెంటు పొయ్యలేదు, పొర మీద పొర వేస్తే బరువు పెరుగుతుందని, పాత సున్నం గచ్చు పగిలిన చోట మాత్రం తవ్వి సున్నం, ఇటుక పొడితో అతుకు వేసేరు.

డిజైను మీద అమ్మకీ వాళ్ళకీ నెల రోజులు నలిగింది. అమ్మకి కొత్త గదులు అచ్చం పాత ఇంటిలాగే ఉండాలి, అదే జాలీ అదే కిటికీ అదే పోర్టికో. ఆ అమ్మాయి వద్దంది. పాతదానికి కలిపే కొత్త భాగం పాతదానితో కలిసిపోవాలి, కానీ కొత్తదని తెలియాలి, లేకపోతే రేపు చూసేవాళ్ళకి ఏది తాతగారు కట్టింది ఏది మనం కట్టింది తెలీదు, 1964లో వెనిస్‌లో పాత కట్టడాల గురించి రాసుకున్న చార్టర్లో కూడా ఈ మాటే ఉంది అని చెప్పింది. అమ్మకి వెనిస్ ఏటి చార్టరేటి. చివరికి మేస్త్రీ అన్న మాటకి ఒప్పుకుంది. "కోడలొస్తే అత్తగారి మొగం ఎట్టుకుని వస్తాదేటి మామ్మగారూ, ఇంటి పద్దతి తెలుసుకుంటాది, అంతే." అమ్మ 1971లో ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మనిషి, ఆ మాట విని ఊరుకుంది.

ఇంటి పద్ధతి అంటే ఏం తీసుకున్నారంటే, నాలుగున్నర అడుగుల లెక్క తీసుకున్నారు, సన్‌షేడ్ గీత అదే ఎత్తులో పట్టుకొచ్చేరు, నేల మట్టం ఒకటే, ఎక్కడా గుమ్మం మెట్టు లేదు, అమ్మ మంచం దగ్గర్నించి హాలు దాకా కాలు ఎత్తకుండా నడవొచ్చు. పైకప్పు మాత్రం పాతదాని కన్నా అడుగు తక్కువ, ముందు నుంచి చూస్తే పాత ఇల్లే పెద్దది, కొత్తది దాని చాటున ఒదిగి ఉంటుంది. పిట్టగోడ మీద పాత 1963 అలాగే ఉంది, కొత్త గది మూల మీద చిన్న అంకెల్లో 2024 అని వేసేరు. సన్‌షేడ్ రెండడుగులు ఎందుకో కూడా ఆ ఆర్కిటెక్ట్ అమ్మాయి చెప్పింది. మనం 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం, మార్చిలో మధ్యాహ్నం సూర్యుడు 72 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, రెండడుగుల సన్‌షేడ్ ఆరడుగుల కింద దాకా నీడ ఇస్తుంది, అప్పట్నించి సెప్టెంబరు దాకా దక్షిణం కిటికీ మీద మిట్టమధ్యాహ్నం ఎండ పడదు, డిసెంబరులో సూర్యుడు 48 డిగ్రీలకి దిగుతాడు కాబట్టి నాలుగడుగుల కిటికీలో కింద సగం ఎండ లోపలికి వస్తుంది. చలికాలం పొద్దున్న అమ్మ ఆ కిటికీ దగ్గరే కూచుంటుంది. పడమటెండకి మాత్రం సన్‌షేడ్ ఎంత పెట్టినా లాభం లేదు, ఎండ అడ్డంగా వస్తుంది, అందుకే తాతగారు అక్కడ నిలువు పలకలు పెట్టేరు.

పాతదీ కొత్తదీ ఎక్కడా ఒకదాన్నొకటి పట్టుకోలేదు. ఈ విషయం మాత్రం ఇల్లు కలిపించుకునేవాళ్ళు ఎవరైనా సరే గట్టిగా అడగాలి. పాత పునాది అరవై ఏళ్ళుగా దిగాల్సింది దిగి కుదురుకుంది, కొత్త పునాది ఇప్పుడిప్పుడే దిగుతుంది, రెండింటినీ కలిపి కట్టేస్తే ఎక్కడో అక్కడ పగలక తప్పదు, మా 2009 పగులు అదే. వీళ్ళు కొత్త గదులకి వేరే పునాది, వేరే పిల్లర్లు వేసి, మధ్యలో అంగుళం సందు వదిలి ఫోమ్ షీటు పెట్టి, పైన సాగే సీలెంటు వేసి అల్యూమినియం పట్టీ కప్పేరు. పాత పునాది అట్టడుగు కన్నా లోతుకి తవ్వలేదు, ఒకేసారి పొడుగ్గా తవ్వకుండా ముక్కలు ముక్కలుగా తవ్వి పూడ్చుకుంటూ వెళ్ళేరు. నుయ్యి వైపు అయితే పునాది ఇంకా వెనక్కి జరిపేరు. రెండింటికీ మధ్య నాలుగున్నర అడుగుల నడవ, మొదట దానికి గాజు అనుకున్నారట, పత్రికల్లో అలాగే ఉంటుందట, మన ఎండకి గాజు నడవ అంటే పొయ్యే కదా, జాలీ పెట్టేరు.

జాలీ బిళ్ళ బజారులో దొరకలేదు, పాత కొలతకి అచ్చు చేయించేరు. చెక్క పెట్టె, మధ్యలో పైపు ముక్క నూనె రాసి నిలబెట్టి, చుట్టూ సన్న చిప్స్ కలిపిన కాంక్రీటు పోసి, చిన్న సుత్తితో పెట్టె పక్కలు తట్టుతూ గాలి బుడగలు పైకి రప్పించి, మర్నాడు పైపు తిప్పుతూ లాగడం. తిప్పకుండా లాగితే అంచు రాలిపోతుంది. మొదటి పదిలో ఆరు అలాగే పోయేయి. అరవై రెండు బిళ్ళలు రోజుకి ఎనిమిది చొప్పున వేసి నీళ్ళ తొట్టిలో నానబెట్టేరు. ఇటుకలకి ఇంకో కథ, ఇప్పటి ఇటుకలు పాతవాటి కన్నా చిన్నవి, ఆరు పేరిస్తే నాలుగున్నర అడుగులు రావడం లేదు. మేస్త్రీ పెరట్లో పాడుబడ్డ వేణ్ణీళ్ళ గది చూసి, అది కూడా అప్పటిదే అని, ఒక ఇటుక తీసి ఇంకో ఇటుకతో కొట్టి నా చెవి దగ్గర పెట్టేడు. "ఇను అమ్మా, కంచు మోగినట్టు మోగుతాది. ఈ ఇటక పారీకూడదు." ఆ గదీ 2009 గదీ విప్పేరు, 2009 ఇటుకలు కొడితే టప్ మని చప్పుడు, అవి నింపుడుకి పోయేయి, వేణ్ణీళ్ళ గది ఇటుకలు ఒక్కొక్కటీ సున్నం గీకి కడిగి నడవ గోడకి వాడేరు. ఆ గోడ పూత లేకుండా వదిలేసేరు, పాతదీ కొత్తదీ కలిసేచోట ఆ అరవై ఏళ్ళ ఇటుక కనిపిస్తుంది.

ఎర్ర గచ్చు వేసే మనుషులు ఇప్పుడు దొరకడం కష్టం. బొబ్బిలి వైపు నుంచి ఒక పెద్దాయన్ని పట్టుకొచ్చేరు, డెబ్భై దగ్గర పడ్డాయి. ముందు మూడు రకాల పాళ్ళతో మూడు చిన్న పలకలు వేసి పాత గచ్చు పక్కన పెట్టి అమ్మని చూడమన్నారు, అమ్మ మధ్యది చూపించింది. గది గచ్చు పొద్దున్న మొదలుపెడితే మధ్యలో ఆపడానికి లేదు, ఆపితే ఆ గీత జన్మకి పోదు. పెద్దాయన చెక్క పలక మీద గొంతుక్కూచుని వెనక్కి జరుగుతూ తాపీతో రుద్దుతున్నాడు, మొదట మట్టిలా మొద్దుగా ఉన్నది పది పదిహేనుసార్లు రుద్దేసరికి తడి లేకుండానే తడి ఉన్నట్టు మెరుపొచ్చింది, రాత్రి పదకొండింటికి లైటు కింద పెట్టుకుని గుమ్మం దగ్గర చివరి మూల ముగించేడు. వారం రోజులు నీళ్ళు కట్టి ఉంచేం. కొత్త గచ్చు పాతదాని కన్నా ఎర్రగా ఉంటుంది, పాతది అరవై ఏళ్ళ కాళ్ళకీ కొబ్బరినూనెకీ నల్లబడింది. అమ్మ శుక్రవారం శుక్రవారం గుడ్డకి కొబ్బరినూనె రాసుకుని కుర్చీలో కూచునే కాలితో తన మంచం చుట్టూ రుద్దుతోంది, ఆ మేరకి ఇప్పటికే రంగు మారింది.

ఇంక బాగోలేనివి. బాత్రూం నేల వాలు తప్పు వేసేరు, నీళ్ళు తూము వైపు పోకుండా తలుపు దగ్గర నిలిచేయి, అమ్మలాంటివాళ్ళకి అది చాలా ప్రమాదం, నేనే బకెట్టు నీళ్ళు పోసి చూపిస్తే గానీ వాళ్ళు గమనించలేదు. వాళ్ళ ఖర్చుతోనే పగలగొట్టి మళ్ళీ వేసేరు, ఒక్క మాట ఎదురు చెప్పలేదు, కానీ పన్నెండు రోజులు పోయేయి. ఏడు నెలలన్న పని పదకొండు నెలలు పట్టింది, 2024 జనవరిలో మొదలై డిసెంబరు అయిపోతుండగా చేతికొచ్చింది. విజయనగరంలో పని ఒప్పుకుని పైడితల్లమ్మ సిరిమానుకి ఒక్క కూలీ కూడా ఉండడని ముందే లెక్కేసుకోకపోతే ఎలా, ఆ పండగకి ఎవరు మాత్రం పన్లోకొస్తారు. ఫోను ఎత్తరు, మెసేజ్ పెడితే రెండో రోజు జవాబు. నడవ జాలీకి దోమతెర ముందు డ్రాయింగులో లేనే లేదు, మన ఊళ్ళో దోమల సంగతి తెలిసి కూడా, మేం గట్టిగా అడిగితే లోపలి వైపు తీసి కడుక్కునే ఫ్రేములు పెట్టించేరు. ప్లగ్ పాయింట్లు కూడా తక్కువ, ఇప్పటికీ అమ్మ గదిలో ఎక్స్‌టెన్షన్ బాక్సే. ఇవన్నీ చిన్నవి అనను, ఇంట్లో ఉండేవాళ్ళకి రోజూ తగిలేవి ఇవే.

డబ్బు సంగతి అందరూ అడుగుతున్నారు. కొలతలకీ టెస్టులకీ అరవై వేలు, అది కట్టుబడి వాళ్ళకే ఇచ్చినా ఇవ్వకపోయినా కట్టాల్సిందే. కొత్త కట్టుబడి 640 చదరపు అడుగులకి పద్ధెనిమిదిన్నర లక్షలు, పాత సన్‌షేడూ శ్లాబు రిపేర్లకి రెండు లక్షల నలభై వేలు, వాళ్ళ ఫీజు కట్టుబడి మీద ఎనిమిది శాతం. మామూలు కాంట్రాక్టరైతే కట్టుబడి ఇంకో మూడు నాలుగు లక్షలు తక్కువకి చేసేవాడు, ఒప్పుకుంటాను. ఆ అరవై వేలు మాత్రం ఎవరూ మిగుల్చుకోవద్దు, పని ఎవరి చేత చేయించుకున్నా సరే. మేం 2009లో ఒక్క టెస్టు చేయించకుండా కట్టి, పదిహేనేళ్ళు పగుళ్ళు పూడ్చి, ఆఖరికి విప్పేసేం.

కట్టేక ఒక వేసవీ ఒక వానాకాలమూ చూసేం. మే నెలలో కొత్త గదిలో మధ్యాహ్నం ఫ్యాను చాలింది, ఏసీ పాయింటు పెట్టించేం గానీ ఏసీ ఇంకా కొనలేదు. పాత ఇంటి వసారాలో గాలి ఏం తగ్గలేదు, తమ్ముడి పిల్లలు మధ్యాహ్నం అక్కడే పడుంటున్నారు. వానలకి నేను నడవలో అతుకు కింద కాగితం పరిచి పెట్టేను, రాత్రంతా కుండపోత, పొద్దున్న లేచి చూస్తే కాగితం పొడిగా ఉంది. అమ్మని పిలిచి చూపించేను.

ఎవరికి పనికొస్తారంటే, ఇల్లు మీద ప్రేమ ఉండి ఏడాది ఆగగలిగినవాళ్ళకి. పెళ్ళి ముహూర్తం పెట్టుకుని ఆలోపు గది కావాలనుకునేవాళ్ళు వెళ్ళొద్దు, అందదు. ఇంకో మాట, పని జరుగుతున్నన్నాళ్ళూ ఇంట్లో ఒక మనిషి ఉండాలి, బాత్రూం వాలు లాంటివి మనమే చూసుకోవాలి. కావాలన్నవాళ్ళు మెసేజ్ పెట్టండి, నంబరు ఇస్తాను, మా ఇల్లు చూస్తామన్నా రండి, ఆదివారం అయితే నేనూ ఉంటాను. ఇంకా పడమటి నిలువు పలకల రిపేరు మిగిలింది, రెండింటికి లోపల తుప్పు ఉందని తేలింది, సంక్రాంతి వెళ్ళేక పరంజా కడతామన్నారు. అదయ్యేక ఫొటోలు పెడతాను.